జాకీ, షాడోల గూడు కెమెరా: నాలుగు సీజన్లు చూశాక

కాలిఫోర్నియాలో బిగ్ బేర్ సరస్సు దగ్గర ఒక పైన్ చెట్టు మీద, దాదాపు 145 అడుగుల ఎత్తున ఉన్న బాల్డ్ ఈగల్ (తెల్ల తల గద్ద) జంట గూడు ఇది, జాకీ ఆడది, షాడో మగది. ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ అనే సంస్థ యూట్యూబ్‌లో రాత్రీ పగలూ ఉచితంగా చూపిస్తుంది. స్పిరిట్ అనే పిల్ల పుట్టిన 2022 నుంచి చూస్తున్నాను.

టైమ్ మనకి బాగా కలిసొస్తుంది. జనవరిలో మనం రాత్రి భోజనం చేసే వేళకి అక్కడ తెల్లవారుతుంది, సరిగ్గా అప్పుడే జాకీ, షాడో డ్యూటీ మారే సందడి. మగ గద్ద కూడా గుడ్లు పొదుగుతుందని నాకు ఈ కెమెరా చూసేదాకా తెలియదు. షాడో వచ్చి పక్కన నిలబడతాడు, జాకీ లేవదు, వెళ్లి ఒక పుల్ల తెచ్చి పెడతాడు, అయినా లేవదు, ఇంకో పుల్ల తెస్తాడు. గుడ్ల మధ్య అడుగు వేసేటప్పుడు మాత్రం కాళ్లు చూడండి. అంత పెద్ద గోళ్లనీ లోపలికి ముడిచేసి, పిడికిలి మీద నడిచినట్టు నడుస్తాయి. ఇది ముందు గమనించింది మా అమ్మ. "గుచ్చుకుంటాయని దానికెంత భయమో చూడు" అంది.

పిక్చర్ బాగుంటుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా ఈకలు విడివిడిగా కనిపిస్తాయి, సౌండ్ తప్పకుండా పెట్టుకోండి. దూరం నుంచి చూపించే రెండో కెమెరా వల్ల ఎవరు ఎటు నుంచి వస్తున్నారో తెలుస్తుంది. మంచు పడితే లెన్స్ కప్పుకుపోతుంది, దానికెవరూ ఏమీ చేయలేరు.

ఒక్క మాట ముందే చెప్పాలి, ఇక్కడ ఏం జరిగినా మనుషులు కలగజేసుకోరు. 2024లో జాకీ మంచు తుపానులో రెండు రోజులకు పైగా గుడ్ల మీంచి కదల్లేదు, వీపు మీద మంచు పేరుకున్నా అలాగే కూర్చుంది, చివరికి మూడు గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. రోజూ రాత్రి చూసి పడుకునేవాణ్ణి, ఏప్రిల్ వచ్చేసరికి చూడబుద్ధి కాలేదు. 2025 మార్చిలో మూడూ పిల్లలయ్యాయి. హోలీ రోజు మనం రంగులు చల్లుకుంటుంటే అక్కడ రాత్రి, తుపాను, ఆ సమయానికే మా ఇంట్లో నెట్ పోయింది. సాయంత్రం వచ్చాక చూస్తే తల్లి కింద నుంచి రెండు తలలే బయటికి వచ్చాయి. మూడోది వస్తుందేమోనని చాలాసేపు చూశాను, రాలేదు. చిన్నపిల్లలతో కలిసి చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని మొదలుపెట్టండి.

మిగిలిన రెండిటికీ సన్నీ, గిజ్మో అని పేర్లు పెట్టారు. చేపని చిటికెడు ముక్కలుగా చీల్చి, తల పక్కకి వంచి, ఆ వణికే నోటికి అందేదాకా జాకీ పట్టుకుని ఉండే తీరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

క్లిప్పులు మాత్రం చూడకండి. కొత్తగా చూసేవాళ్లు డిసెంబర్‌లోనే మొదలుపెట్టండి, గూడు సర్దుకునేటప్పటి నుంచి. ఒకే పుల్లని ఇద్దరూ చెరో వైపు లాగుతూ ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోతుంటారు, ఆ ఒక్క పుల్లతో అరగంట గడిచిపోతుంది.