స్పిన్నింగ్ రీల్‌కి ఏ లైన్? కోనసీమ నీళ్లలో కొన్నేళ్లు వాడి చూశాక

గాలంతో చేపలు పట్టడానికి నా దగ్గర రెండు స్పిన్నింగ్ రీళ్లున్నాయి (రాడ్‌కి బిగించి దారం చుట్టుకునేవి). ఒకటి 2500 సైజు, రెండోది 4000. చిన్నది కాలవల మీద, చెరువుల మీద పనిచేస్తుంది. పెద్దది గౌతమి, వైనతేయ పాయల్లో, అవి సముద్రంలో కలిసే మొగల దగ్గర. మోనో, ఫ్లోరోకార్బన్, బ్రెయిడ్ అనే మూడు రకాల లైన్ (గాలం దారం) వీటి మీద ఎక్కించాను, దించాను, మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు పెద్ద రీల్ మీద బ్రెయిడ్ ఉంది. చిన్నదానికి రెండు స్పూళ్లు, ఒకదాని మీద బ్రెయిడ్, ఇంకోదాని మీద మోనో. ఫ్లోరోకార్బన్ రీల్ మీద లేదు, లీడర్ ముక్కలకి (లైన్ కొసకీ గాలానికీ మధ్య కట్టే పొట్టి దారం) మాత్రం పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ స్థిరపడటానికి కారణాలు రాస్తున్నాను. రీల్ కంపెనీల గొడవలోకి వెళ్లను. మన డెల్టాలో లైన్‌ని తినేసేది చేప కాదు. ఎండ, ఉప్పు, ఇసక, గుర్రపుడెక్క, మడ వేళ్లు, వంతెన స్తంభాలకి పట్టిన ఆలుచిప్పలు.

మోనో అంటే ఒకే పోగు నైలాన్. గాలం వేసేవాళ్లందరి చేతికీ మొదట వచ్చేది ఇదే. కొత్తగా బ్రెయిడ్ మోజులో పడ్డవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, శీలావతికో బొచ్చెకో జెల్లకో ఎర వేసి, బెండు చూస్తూ కూర్చునే పనికి 0.30 నుంచి 0.35 మి.మీ. మోనోని మించింది నాకు కనపడలేదు. దాని బలమంతా సాగుడులో ఉంది. గట్టు దగ్గరికి వచ్చిన బొచ్చె ఒక్కసారి తల విదిలించినప్పుడు నైలాన్ సాగి ఆ దెబ్బని తీసుకుంటుంది. నోరు చీరదు, ముడి తెగదు. అదే సాగుడు రబ్బరు చేపలు విసిరి ఆడించేటప్పుడు పనికిరాదు. నలభై మీటర్ల అవతల పండుగప్ప ముట్టుకున్న సంగతి చేతికి తెలిసేసరికి అది ఉమ్మేసి వెళ్లిపోయి ఉంటుంది.

మోనోకి ఇంకో చెడ్డ గుణం, చుట్టిన ఆకారం మర్చిపోదు. 2500 లాంటి చిన్న స్పూల్ మీద కొన్నాళ్లు కదలకుండా ఉంటే చుట్టలు చుట్టలుగా బయటికొస్తుంది, దూరం పడదు. దీనికి నేను చేసేది ఒకటే. కొస కొబ్బరి చెట్టుకి కట్టి, యాభై అరవై మీటర్లు వదిలి, మెల్లగా లాగి ఓ నిమిషం బిగపట్టి ఉంచుతాను. చుట్టలు చాలావరకు పోతాయి. కోనసీమలో చెట్టు కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఎండ తగిలిన నైలాన్‌కి మాత్రం మందు లేదు. అతినీలలోహిత కిరణాలకి అది పెళుసెక్కుతుంది, పైకి మామూలుగానే కనపడుతుంది. అందుకే షాపు గుమ్మానికి ఎండలో వేలాడదీసిన స్పూల్ నేను కొనను, లోపలి పెట్టెలోంచి తీసిమ్మంటాను. ఏడాదికి రెండుసార్లు మారుస్తాను, అది కూడా పై సగమే. అడుగు వరసలు ఎండా చూడవు, చేపనీ చూడవు. పాత దానికి కొత్తది డబుల్ యూనీ ముడితో కలిపేస్తే సరిపోతుంది.

ఫ్లోరోకార్బన్ (ఇదీ ఒకే పోగే, కానీ నైలాన్ కాదు, వేరే ప్లాస్టిక్) గురించి విన్నదానికీ వాడితే తేలినదానికీ చాలా తేడా ఉంది. జపాన్‌లోని కురేహా కంపెనీ 1971లో దీనితో గాలం దారం తెచ్చింది. వక్రీభవన గుణకం నీటికి 1.33, దీనికి 1.42, నైలాన్‌కి 1.53 దగ్గర. అంటే నీళ్లలో నైలాన్ కన్నా తక్కువ కనపడుతుంది. సాంద్రత 1.78 కాబట్టి మునుగుతుంది. ఇవన్నీ నిజమే. కానీ స్పిన్నింగ్ రీల్ మొత్తం దీనితో నింపితే బిరుసు వల్ల స్పూల్ మీంచి వరసలు వరసలుగా జారి ఊడొస్తుంది, డబ్బు దండగ. ఇక కనపడకపోవడం అంటారా, జులై నుంచి గోదావరిలో ఎర్రనీరు దిగాక మన చెయ్యి మోచేతి దాకా ముంచితే మనకే కనపడదు, చేపకి దారం ఏం కనపడుతుంది? ఆ నెలల్లో లావు మోనో ముక్కే లీడర్‌గా కడతాను. సంక్రాంతి నుంచి వేసవి దాకా నీరు తేరి ఉంటుంది, అప్పుడు ఫ్లోరోకార్బన్ కడతాను. అప్పుడు కూడా దాన్ని కొనేది మాయమవుతుందని కాదు, రాపిడికి ఆగుతుందని.

అసలు విషయం బ్రెయిడ్. పాలిథిలీన్ పోగులు నాలుగో ఎనిమిదో కలిపి అల్లిన దారం ఇది. దాదాపు సాగదు, నీటి మీద తేలుతుంది, అదే లావు నైలాన్ కన్నా ఎన్నో రెట్లు బరువు మోస్తుంది. లేబుల్ మీద పీఈ నంబర్ ఉంటుంది. పీఈ 1 అంటే సుమారు 0.165 మి.మీ., పీఈ 2 అంటే 0.235. పెద్ద రీల్ మీద నాది పీఈ 2. మొదట్లో పడవ నడిపే పెద్దాయన పట్టుకు చూసి, "ఏం బాబూ, దీనికి పండుగప్ప ఆగుద్దా?" అన్నాడు. ఆగుతుంది. ఆగనిది వేరే చోట, దాని సంగతి కింద చెప్తాను.

కొరమీనుకైతే నా దృష్టిలో బ్రెయిడ్ తప్ప ఇంకో మాట లేదు. వేసవిలో కాలవలు కట్టేశాక నీరు మిగిలిన గుంటల్లో, గుర్రపుడెక్క సందుల్లో ఉంటుంది అది. రబ్బరు కప్ప డెక్క మీద లాగుతుంటే కిందనుంచి కొడుతుంది, కొట్టగానే అడుగుకి దూరుతుంది. అక్కడ మోనో సాగేలోపు చేప నాలుగు కాడలు చుట్టేస్తుంది. సాగని పీఈ 3 దారం అయితే లేత కాడల్ని కోసుకుంటూ వస్తుంది. ఇక్కడ ఎనిమిది పోగులది వద్దు. అది నున్నగా ఉండి దూరం పడుతుంది నిజమే, కానీ ఒక్కో పోగు సన్నం, రాపిడికి తొందరగా పీచు లేస్తుంది. నాలుగు పోగులది గరగరలాడినా ఎక్కువకాలం ఉంటుంది. పాయల్లో, ఖాళీ నీళ్లలో మాత్రం ఎనిమిది పోగులదే బాగుంది.

బ్రెయిడ్ బలహీనత ఒక్కటే, కానీ పెద్దది. బిగువుగా ఉన్నప్పుడు గరుకుదేదైనా తగిలితే పుటుక్కున తెగుతుంది. ఆలుచిప్ప అంచు చాలు. పండుగప్ప మొప్ప రేకు అంచు చాలు. అందుకే మన దగ్గర లీడర్ లేని బ్రెయిడ్‌కి అర్థం లేదు. బార కన్నా కాస్త ఎక్కువ పొడవు, 0.50 నుంచి 0.60 మి.మీ. లావు. రోజు అయ్యాక కింది మూరెడు వేళ్ల మధ్య జార్చి చూస్తాను, గరుకు తగిలిందంటే కోసేసి మళ్లీ కడతాను. ఖరీదైన బ్రెయిడ్ కొని నాసిరకం లీడర్ కట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. మధ్యరకం బ్రెయిడ్, మంచి లీడర్, నేను డబ్బు పెట్టే వరస అది. రెండూ కలపడానికి ఎఫ్‌జీ ముడి సన్నగా ఉండి రాడ్ రింగుల్లోంచి తగలకుండా వెళుతుంది, తీరిగ్గా ఇంట్లో వేసుకుంటాను. ఏటిగట్టు మీద గాలిలో అంత ఓపిక ఎవరికి? అక్కడ డబుల్ యూనీ. ఏ ముడైనా బిగించే ముందు తడపాలి, రాపిడి వేడికి దారం బలం పోతుంది. మోనోకి వేసే మామూలు ముడి బ్రెయిడ్‌కి వేస్తే జారిపోతుంది. గాలానికి నేరుగా కట్టాల్సి వస్తే పాలోమార్ వేయండి.

గాలి మాట వచ్చింది కాబట్టి, మధ్యాహ్నం దాటాక ఓడలరేవు వైపు సముద్రపు గాలి లేస్తే తేలే బ్రెయిడ్ విల్లులా వంగిపోతుంది, చేప ముట్టింది తెలియదు. రాడ్ కొన నీటి దగ్గరికి దించడం కన్నా నాకు వేరే ఉపాయం దొరకలేదు.

లైన్ ఎక్కించడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చిక్కుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ తిరగదు, బెయిల్ (తెరిచి మూసే తీగ కమ్మీ) దాని చుట్టూ తిరుగుతూ దారం చుడుతుంది. కాబట్టి ప్రతి చుట్టుకీ పురి పడే అవకాశం ఉంది. ముందు బెయిల్ తెరవండి, ఆ తర్వాతే స్పూల్‌కి దారం కట్టండి, లేకపోతే కట్టినదంతా విప్పుకోవాలి. మోనో అయితే కొన్న దారం వచ్చిన స్పూల్‌ని లేబుల్ పైకి పెట్టి నేల మీద పడుకోబెట్టి, వేళ్లతో దారాన్ని కాస్త బిగించి ఇరవై చుట్లు చుట్టండి. ఆపి, దారం వదులు చేసి చూడండి. మెలికలు పడుతుంటే నేల మీది స్పూల్ తిరగేయండి. బ్రెయిడ్‌కి బిగువు ఇంకా ముఖ్యం, తడిగుడ్డలోంచి పట్టి చుట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్‌లో పై వరస కింది వరసలోకి దిగి, విసిరేటప్పుడు ఉండగా బయటికొస్తుంది. నున్నటి స్పూల్ మీద నేరుగా కడితే మొత్తం చుట్టే గిర్రున జారుతుంది, చాలామంది డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే బ్రేకు) పాడైందనుకుంటారు. అడుగున కొన్ని చుట్లు మోనో వేస్తే జారదు.

ఎంత నింపాలి? అంచుకి 2 మి.మీ. తక్కువ. ఇంకా నింపితే దూరం పడుతుందన్న ఆశతో అంచుదాకా నింపిన స్పూల్ బ్రెయిడ్‌ని గుత్తులుగా కక్కుతుంది. విసిరాక బెయిల్‌ని హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూసి, దారం ఒకసారి లాగి బిగిస్తే వదులు చుట్టు పడదు. ఇంకో సంగతి, చేప లాగుతూ డ్రాగ్ వదులుతుంటే హ్యాండిల్ తిప్పకండి. గేర్ నిష్పత్తి 5 ఉన్న (హ్యాండిల్ ఒక్క తిప్పుకి బెయిల్ ఐదుసార్లు తిరిగే) రీల్‌లో ఒక్కో తిప్పుకి దారంలో ఐదు పురులు పడతాయి, ఒక్క గజం కూడా లోపలికి రాదు. పురి పడిపోతే లైన్ పారేయనక్కర్లేదు. కొసన ఏమీ కట్టకుండా, కాలవకి నీళ్లు వదిలినప్పుడు ప్రవాహంలో మొత్తం దిగవకి వదిలేసి, కాసేపాగి వేళ్ల మధ్య నుంచి చుట్టుకుంటే పురి దానంతటదే విడిపోతుంది.

డ్రాగ్ సంగతి కూడా మారుతుంది. మోనోకి అలవాటైన చెయ్యి బ్రెయిడ్‌కి ఎక్కువ బిగిస్తుంది. సాగుడు లేదు కాబట్టి ఆ పని డ్రాగ్ చెయ్యాలి. లైన్, లీడర్, ముడి మూడింట్లో బలహీనమైన దానికి మూడో వంతు దాటకుండా స్ప్రింగ్ కాటాతో లాగి చూసుకుంటాను. గాలం మడ వేళ్లలో ఇరుక్కుంటే బ్రెయిడ్‌ని చేతికి చుట్టి లాగొద్దు, ఎముకదాకా కోస్తుంది. కర్రకి చుట్టి లాగండి.

మొగల దగ్గర నుంచి వచ్చాక స్పూల్ ఒక్కటే ఊడదీసి మంచినీళ్ల బకెట్‌లో వేస్తాను, రీల్‌ని ముంచను. అల్లిక సందుల్లో ఇరుక్కున్న ఉప్పు, సన్న ఇసక అలా దిగకపోతే రింగుల్ని అరగదీస్తాయి. బ్రెయిడ్ రంగు వెలిసిందని మార్చకండి, అద్దకం పోవడం వేరు, బలం పోవడం వేరు. పీచు లేచి, చదునుగా అయినప్పుడు చూడాలి. అప్పుడు కూడా అరిగింది పై అరవై డెబ్బై మీటర్లే. దారాన్ని తిరగేసి చుడితే వాడని కొస పైకొస్తుంది, దాదాపు కొత్త లైన్ దొరికినట్టే. పారేసే ముక్కల్ని గట్టు మీద వదలకుండా చిన్నగా కత్తిరించి ఇంటికి తెచ్చుకోండి, కొంగల కాళ్లకి చుట్టుకున్న నైలాన్ చూశాను. బ్రెయిడ్‌కి దర్జీ వాడే చిన్న కత్తెర కావాలి, బ్లేడుకి జారుతుంది. అలాగే, నేను చెప్పే మడలన్నీ కోరింగ అభయారణ్యానికి బయటివి.

కొనేటప్పుడు లేబుల్‌ని గుడ్డిగా నమ్మొద్దు. చవక బ్రెయిడ్ ఒకటి 0.20 అని రాసి ఉంటే కొన్నాను. రీల్ స్పూల్ మీద రాసిన లెక్క ప్రకారం ఆ లావుకి ఎన్ని మీటర్లు పట్టాలో, అంతకి చాలా ముందే నిండిపోయింది. అంటే రాసిన దానికన్నా లావు. బలం అంకె బాగా కనపడాలని అలా చేస్తారు. ఏ బ్రాండ్‌కైనా ఈ పరీక్ష చేసి చూడండి.

కొత్త రీల్ కొంటుంటే స్పేర్ స్పూల్ వచ్చేది చూడండి, లేదా విడిగా కొనండి. అడుగున ఎంత మోనో వేయాలన్న తలనొప్పి దానితో తీరుతుంది. ఖాళీ స్పూల్‌కి బ్రెయిడ్ కొస టేపుతో అంటించి ముందు మొత్తం చుట్టండి, దాని మీద నిండేదాకా మోనో వేయండి, ఆ తర్వాత అంతా రెండో స్పూల్‌కి మార్చండి. మోనో అడుగుకి, బ్రెయిడ్ పైకి వస్తాయి, నిండాల్సినంతే నిండుతుంది. తర్వాత ఎప్పుడైనా బ్రెయిడ్ తిరగేయాలన్నా ఆ స్పూలే పనికొస్తుంది.