ఓపెన్ యేల్ చరిత్ర పాఠాలు: డిగ్రీ రోజుల నుంచి వింటున్నవాడి సమీక్ష

బి.ఏ.లో హెచ్.ఇ.పి. (చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం) చదివేటప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు అదే చరిత్ర చెబుతున్నా, ఈ పాఠాలు వినడం మాత్రం మానలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 2007లో ఓపెన్ యేల్ కోర్సెస్ ప్రారంభించింది. క్లాసులో జరిగిన పాఠాన్నే రికార్డు చేసి, వీడియో, ఆడియో, పూర్తి రాతప్రతి, మూడూ ఉచితంగా పెట్టారు. ఒక్కోటి సుమారు యాభై నిమిషాలు. సర్టిఫికెట్ రాదు, మన జవాబులు దిద్దేవాళ్లు ఉండరు.

సెమిస్టర్ మార్కుల కోసమే అయితే వీటి జోలికి వెళ్లొద్దు. మన పేపర్లో ‘ఫ్రెంచి విప్లవానికి దారితీసిన కారణములను వివరింపుము’ అని వస్తుంది. రాజకీయ, సాంఘిక, ఆర్థిక, మేధో కారణాలని నాలుగు ఉపశీర్షికలు పెట్టి, కింద గీత కొట్టి రాస్తే గట్టెక్కుతాం. జాన్ మెరిమన్ చెప్పిన ఐరోపా చరిత్ర (1648 నుంచి 1945 వరకు, 24 పాఠాలు) విన్నాక అలా రాయాలంటే చెయ్యి ఆడదు. అందులో ఒక పాఠం ‘1848లో బ్రిటన్‌లో విప్లవం ఎందుకు రాలేదు’ అన్నది. ఆ ఏడాది పారిస్, వియన్నా, బెర్లిన్ అన్నీ భగ్గుమన్నాయి. లండన్‌లో, కార్మికులకు ఓటు హక్కు కావాలన్న చార్టిస్టులు ఏప్రిల్ 10న కెన్నింగ్టన్ మైదానంలో భారీ సభ పెట్టి, పార్లమెంటుకు అర్జీ పంపి ఇళ్లకు వెళ్లిపోయారు. జరగనిదాని గురించి మన ప్రశ్నపత్రం ఎన్నడైనా అడిగిందా? మరో పాఠం పేరు ‘సామ్రాజ్యవాదులూ బాయ్ స్కౌట్లూ’. స్కౌటింగ్ పెట్టిన బేడెన్ పవెల్, దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంలో మాఫెకింగ్ ముట్టడితో పేరు తెచ్చుకున్న సైనికాధికారి. బడిలో స్కార్ఫు కట్టి మనల్ని నిలబెట్టినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నా ఓటు మాత్రం డేవిడ్ బ్లైట్ చెప్పిన అమెరికా అంతర్యుద్ధం, పునర్నిర్మాణం (యుద్ధం తర్వాత దక్షిణాదిని తిరిగి కలుపుకున్న కాలం) కోర్సుకే. 27 పాఠాలు. మన పాఠ్యాంశంలో అమెరికా అంతర్యుద్ధం రెండు మూడు పేజీల్లో ముగుస్తుంది: లింకన్ వచ్చాడు, బానిసత్వం పోయింది, ఆయన్ను కాల్చి చంపారు. బ్లైట్ ముందు లెక్క చెబుతాడు. 1860లో దక్షిణాదిలో నలభై లక్షల మంది బానిసలు. ఆస్తిగా లెక్కగడితే వాళ్ల విలువ సుమారు 350 కోట్ల డాలర్లు. దేశంలోని రైలుమార్గాలూ ఫ్యాక్టరీలూ కలిపినా అంత లేదు. ఆ అంకె బోర్డు మీద రాశాక, యుద్ధానికి కారణాలని ఉపశీర్షికలు పెట్టాల్సిన పని నాకు చాలావరకు తప్పింది. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది, యూనియన్‌లోనే (లింకన్ ప్రభుత్వం వైపే) ఉండిపోయిన బానిస రాష్ట్రాల్ని ముట్టుకోలేదు. బానిసత్వాన్ని దేశమంతటా చట్టం నుంచి తొలగించింది 1865 నాటి 13వ సవరణ.

అసలు రుచి 1865 తర్వాతే. మన పుస్తకం మూతపడేది సరిగ్గా అక్కడే! ఆ ఏడాది మే 1న దక్షిణాది నగరం చార్లెస్టన్‌లో, కొత్తగా విముక్తులైన నల్లవాళ్లు వేలమంది పాత గుర్రప్పందేల మైదానానికి వెళ్లి, అక్కడ పాతిపెట్టిన యూనియన్ సైనికుల సమాధులపై పూలు చల్లారు. మరుగున పడిన ఆ ఘట్టాన్ని పాత కాగితాల్లోంచి తవ్వి తీసింది బ్లైటే. తర్వాత 1868లో సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణ, 1870లో జాతిని బట్టి ఓటు నిరాకరించకూడదన్న 15వ సవరణ. 1877 వచ్చేసరికి కేంద్ర సైన్యం దక్షిణాది ప్రభుత్వాలకు కాపలా మానేసింది. హక్కులు కాగితం మీద మిగిలాయి. ఇది చెప్పినప్పుడు నా క్లాసు అమెరికాలో ఆగదు. మన రాజ్యాంగం 14వ అధికరణలోని ‘చట్టాల సమాన రక్షణ’ ఆ సవరణ నుంచి వచ్చిందే (అంకె కూడా కలవడం కాకతాళీయం). అక్కణ్ణుంచి ఊళ్లో ఏం జరుగుతోందన్న దాని మీదకు మాట మళ్లుతుంది. పత్తి రైతుల పిల్లలకు ఇంకో కొస దొరుకుతుంది: యుద్ధంతో అమెరికా పత్తి ఆగిపోయి, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు చూశాయి, ఇక్కడ ధర ఎగబాకింది, యుద్ధం ముగియగానే కూలింది.

వీటితో ప్రపంచ చరిత్ర మొత్తం వస్తుందనుకోవద్దు. ఇవి ఐరోపా, అమెరికా కోర్సులు. ఆసియా, ఆఫ్రికా అవసరమైన చోటే తొంగిచూస్తాయి. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో వలసల విముక్తి కూడా ఉంది కనుక దానికి వేరే చదువు తప్పదు. జోఆన్ ఫ్రీమన్ అమెరికా విప్లవం కోర్సు హుషారుగా సాగుతుంది గానీ, 1776 ఎలాగూ మన సిలబస్‌లో కాస్త బాగానే ఉంటుంది, తొందరేం లేదు. ఫ్రాంక్ స్నోడెన్ అంటువ్యాధుల చరిత్ర మాత్రం వదలొద్దు. మలేరియా పాఠాలు వింటుంటే, 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ గుర్తుకొస్తాడు.

తెలుగు మీడియం వాళ్లు వీడియోతో మొదలుపెట్టొద్దు. ముందు రాతప్రతి చదివి, తర్వాత ఆడియో వినండి. పేర్లు, ఊళ్లు అప్పటికే కళ్లకు పరిచయం కాబట్టి చెవికి అందుతాయి. పక్కన మ్యాపు తప్పనిసరి. పాఠాల్లో చాలావరకు క్రియేటివ్ కామన్స్ కింద ఉన్నాయి. యేల్ పేరు చెప్పి, అమ్ముకోకుండా, అదే షరతుతో పంచితే తెలుగులోకి తెచ్చుకోవచ్చు. నేను బ్లైట్ పాఠాలు కొన్నిటికి అలా నోట్సు రాసి పిల్లలకు జిరాక్సు ఇస్తుంటాను. పరీక్షకు ముందు వారం మాత్రం వాళ్లు అడిగేది గైడే.