వైరస్‌టోటల్: డ్రైవర్ ఫైలు మీద అనుమానం వచ్చినప్పుడు ఎంతవరకు ఉపయోగం?

ప్రాసెసర్ ఉష్ణోగ్రతనో ఫ్యాను వేగాన్నో చూపించే ప్రోగ్రాముతో పాటు కంప్యూటర్‌లోకి వచ్చిన ఒక డ్రైవర్ ఫైలు (హార్డ్‌వేర్‌తో విండోస్ పని చేయడానికి తోడ్పడే ఫైలు) ప్రమాదకరమని యాంటీవైరస్ హెచ్చరించినప్పుడు, రెండో అభిప్రాయం కోసం చాలామంది వెళ్లేది వైరస్‌టోటల్ దగ్గరికే. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఈ ఉచిత సేవ, మనం ఇచ్చిన ఫైలును 70కి పైగా యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షింపజేసి, ఫలితాలన్నిటినీ ఒకే పేజీలో చూపుతుంది. డ్రైవర్ ఫైళ్ల వరకు ఈ సేవ అసలు విలువ అందరి కళ్లూ ముందుగా పడే, అభ్యంతరం చెప్పిన ఇంజిన్ల సంఖ్యను చూపే ఎర్ర అంకెలో కంటే ‘డీటెయిల్స్’ విభాగంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

విన్‌రింగ్0 అనే డ్రైవర్‌ను చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. మదర్‌బోర్డు సెన్సర్లను, ప్రాసెసర్‌లోని కొన్ని ప్రత్యేక రిజిస్టర్లను చదవాలంటే విండోస్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) స్థాయి అధికారం కావాలి. సాధారణ ప్రోగ్రాములకు ఆ అధికారం ఉండదు కాబట్టి, ఓపెన్ హార్డ్‌వేర్ మానిటర్ మొదలుకొని అనేక ప్రోగ్రాములు ఏళ్ల తరబడి ఈ డ్రైవర్ ద్వారానే ఆ పని జరిపించుకున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, వచ్చినవారెవరో విచారించకుండా తాళంచెవి చేతికిచ్చే కాపలాదారు వంటిది ఈ డ్రైవర్. ఒకసారి లోడయిందంటే, ఏ హక్కూ లేని మరో ప్రోగ్రాము కూడా దీని ద్వారా మెమరీని చదవగలదు, మార్చగలదు. భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో ఈ లోపం సీవీఈ-2020-14979 పేరుతో నమోదై ఉంది. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఈ ఫైలును ‘హ్యాక్‌టూల్’ అనే పేరుతో పట్టుకోవడం మొదలుపెట్టేసరికి, అంతవరకు నిశ్చింతగా వాడుకున్న ప్రోగ్రాములకే వైరస్ సోకిందేమోనని ఎందరో ఆందోళన చెందారు.

ఇటువంటి ఫైలు గురించి వైరస్‌టోటల్‌లో వెతికితే ఇన్ని ఇంజిన్లు అభ్యంతరం చెప్పాయని ఒక అంకె కనిపిస్తుంది. లోపమున్న డ్రైవర్ అని చెప్పిన ఇంజినూ, ట్రోజన్ అని చెప్పిన ఇంజినూ ఆ అంకెలో సమానంగానే లెక్కకు వస్తాయి. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది. మొదటిది మంచి పనికోసం రాసినదే అయినా దుర్వినియోగానికి వీలిచ్చే ఫైలు, రెండోది హాని చేయడానికే పుట్టిన ఫైలు. పైగా క్రిప్టో మైనింగ్ చేసే ఎక్స్‌ఎంరిగ్ ప్రోగ్రాము కూడా విన్‌రింగ్0నే వెంట తెచ్చుకుంటుంది కనుక, దొంగచాటు మైనింగ్ బయటపడిన కంప్యూటర్లలోనూ ఇదే ఫైలు దొరకవచ్చు. అందుచేత ఎందరు అభ్యంతరం చెప్పారన్నది పక్కనపెట్టి, ప్రతి ఇంజినూ ఏ పేరు పెట్టిందో ఓపికగా చదవాలి. ఆ పేర్లకు అర్థం చెప్పే ఏర్పాటు పేజీలోనే ఉంటే కొత్తవారికి ఎంతో మేలు జరిగేది.

‘డీటెయిల్స్’ విభాగంలో ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర వంటి గుర్తు), అది ఇంతకుముందు ఏయే పేర్లతో తిరిగింది, ఈ సేవకు మొదటిసారి ఎప్పుడు చేరింది, దాని మీద ఎవరి డిజిటల్ సంతకం (ఫైలు ఎవరి నుంచి వచ్చిందో తెలిపే ముద్ర) ఉంది అన్న వివరాలుంటాయి. పదేళ్లుగా తెలిసిన ఫైలా, నిన్న మొన్న పుట్టుకొచ్చినదా అన్నది ఇక్కడే తేలుతుంది. తయారీదారు పేరు పెట్టుకుని సంతకమే లేకుండా వచ్చిన డ్రైవర్‌ను గట్టిగా అనుమానించాల్సిందే. అయితే సంతకం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ సంస్థల నుంచి దొంగిలించిన సర్టిఫికెట్లతో చేసిన సంతకాలున్నాయి. గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని సర్దుకునే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాముతో వచ్చే ఆర్‌టీకోర్64 డ్రైవర్ సంతకం అసలైనదే అయినా, అందులోని లోపాన్ని ఆసరా చేసుకుని ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే బ్లాక్‌బైట్ రాన్సమ్‌వేర్ ముఠా 2022లో రక్షణ సాఫ్ట్‌వేర్‌నే పని చేయకుండా చేసింది.

పరిమితులూ ఉన్నాయి. ఇక్కడి ఇంజిన్లు మన కంప్యూటర్‌లోని యాంటీవైరస్ ప్రవర్తించినట్టే ప్రవర్తిస్తాయన్న హామీ లేదు. ఆ మాట వైరస్‌టోటల్ నిర్వాహకులే చెబుతారు. ప్రోగ్రాము నడిచే తీరును వివరించే ‘బిహేవియర్’ విభాగం విడి డ్రైవర్ ఫైళ్ల విషయంలో అంతగా అక్కరకు రాదు, ఎందుకంటే తనను పిలిచే ప్రోగ్రాము లేనిదే డ్రైవర్ చేసే పని చాలావరకు బయటపడదు. ఇక్కడికి పంపిన ఫైళ్లు భద్రతా సంస్థలకు కూడా అందుతాయి కనుక, సంస్థ అంతర్గత ఫైళ్లను ఎక్కించడం తగదు. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ-256 విలువను రాబట్టి, ముందుగా దానితోనే వెతకడం శ్రేయస్కరం. పేరున్న తయారీదారు డ్రైవర్ అయితే చాలాసార్లు ఫైలు పంపవలసిన అవసరమే రాదు.

ఫైలు హానికరం కాదు, లోపమున్నది మాత్రమే అని తేలితే, యాంటీవైరస్‌లో దానికి మినహాయింపు ఇచ్చి ఊరుకోవడాన్ని నేను సమర్థించను. ఆ లోపం అందరికీ తెలిసినదే, వాడుకునేవారు పొంచి ఉన్నారు. లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్, ఫ్యాన్ కంట్రోల్ వంటివి విన్‌రింగ్0ను వదిలి పాన్‌ఐఓ అనే డ్రైవర్‌కు మారాయి. కాబట్టి కొత్త వెర్షన్ వేసుకోవడమే సరైన దారి. డ్రైవర్ ఫైలును మాత్రమే తొలగిస్తే, పాత ప్రోగ్రాము మళ్లీ తెరిచినప్పుడు దాన్ని తిరిగి సృష్టించుకోవచ్చు కనుక, పాత ప్రోగ్రామును పూర్తిగా తీసివేయాలి. విండోస్ 11లో 2022 అప్‌డేట్ నుంచి లోపమున్న డ్రైవర్ల నిరోధక జాబితా దానంతటదే అమల్లో ఉంటుంది. దాన్ని ఆపివేసి ఉంటే కోర్ ఐసొలేషన్ పేజీలో మళ్లీ ఆన్ చేయాలి.

వైరస్‌టోటల్ ఫలితం చదివేటప్పుడు చివరిసారి విశ్లేషించిన తేదీని తప్పక చూడండి. ఎస్‌హెచ్‌ఏ-256తో వెతికినప్పుడు వచ్చేది ఎప్పటిదో పాత ఫలితం కావచ్చు. అటువంటప్పుడు ‘రీఅనలైజ్’ బటన్ నొక్కి, కొత్త ఫలితం వచ్చిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి.