పర్లాకిమిడిలో మూడేళ్లు వాడిన పిల్లల ట్యాబ్: నెట్ లేనప్పుడు దేనికి పనికొచ్చింది?

చిన్నపిల్లలకి ట్యాబ్ కొందామనుకునేవాళ్లు ముందు ర్యామ్ ఎంత, కెమెరా ఎలా ఉంది అని అడుగుతారు. నేనైతే నెట్ పోయినప్పుడు అది ఏం పనికొస్తుందని అడుగుతాను. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఉన్న, తిత్లీ తుఫాను చూసిన ఊరు. 2018 అక్టోబరులో ఆ గాలి తర్వాత కరెంటు కోసం ఎదురుచూసినవాళ్లెవరూ, నెట్ ఎలాగూ ఉంటుందిలే అనుకుని ఏ వస్తువూ కొనరు.

మా పాపకి నాలుగేళ్లప్పుడు కొన్నాం, ఇప్పుడు రెండో తరగతి. పేరున్న కంపెనీదే. ఆ మోడల్ ఇప్పుడు షాపుల్లో దొరకడం లేదు కాబట్టి పేరు చెప్పినా మీకు ఉపయోగం లేదు. 8.7 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, సిమ్ లేని వైఫై రకం. పది వేల పైచిలుకు పడింది. సరిహద్దు దాటి ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లి కొంటే చవకేమోనని మా ఆయన అన్నారు గానీ, జీఎస్టీ వచ్చాక ఒడిశా అయినా ఆంధ్రా అయినా పన్ను ఒకటే.

పెద్ద తెర మీద నాకూ మోజు ఉండేది. షాపులో పది అంగుళాలది పాప చేతిలో పెడితే రెండు నిమిషాలకే ఒళ్లో దించేసింది. అవి దాదాపు అరకిలో తూగుతాయి. ఎనిమిది అంగుళాలవి మూడొందల యాభై గ్రాముల చుట్టూ ఉంటాయి. దానికి పిడి ఉన్న మెత్తటి ఫోమ్ కవరు తొడిగించాం. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, మంచం మీద నుంచి ఎన్నిసార్లు పడ్డా ఏం కాలేదు. టెంపర్డ్ గ్లాస్ మాత్రం మార్చాల్సి వచ్చింది. తెర పగిలిందంటే బరంపురమో శ్రీకాకుళమో పట్టుకెళ్లాలి కాబట్టి ఆ గ్లాసుకి లెక్క చూసుకోకండి.

సిమ్ ఉన్న రకం అక్కర్లేదు. ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఫోన్ పట్టుకుని మనం బజారుకెళ్తే ట్యాబ్‌లో నెట్ దానంతటదే ఆగిపోతుంది, అది మాకు కలిసొచ్చింది.

మా తోటికోడలు నాలుగు వేలకి ఎవరూ పేరు వినని ట్యాబ్ ఒకటి తెప్పించింది. దాని ఛార్జింగ్ పిన్ పాతకాలం మైక్రో యూఎస్‌బీ. పిల్లాడు తలకిందులుగా గుచ్చి గుచ్చి వదులు చేసేశాడు. చివరికి కేబుల్ కింద అగ్గిపెట్టె ఆనిస్తే తప్ప ఛార్జింగ్ ఎక్కేది కాదు. టైప్-సి అయితే ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. పిల్లలకి కొనే వస్తువులో నేను మొదట చూసేది ఇదే, ప్రాసెసర్ తర్వాత సంగతి. ఇంకొకటి, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'అబౌట్' కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ (గూగుల్ పరీక్షించి ఒప్పుకున్నదని గుర్తు) ఉందో లేదో అక్కడే షాపులో తెరిచి చూడండి. పేరులేని చవక సరుకు చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

ఇక అసలు విషయం, తెలుగు. బళ్లో ఒడియా, ఇంగ్లీషు, హిందీ నేర్పుతారు. తెలుగు ఇంట్లో మాటవరకే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో పిల్లలకి తెలుగు బోర్డు చదవడం రాదంటే నాకు కాస్త చిన్నతనంగానే ఉంటుంది. పాపకి రెండు లిపులూ కలిసిపోయేవి. ఒడియాలో 'ఠ' అక్షరం గుండ్రటి సున్నలా ఉంటుంది. 'అంగడి' అని రాసి చూపిస్తే మధ్యలో సున్న దగ్గర ఆగి 'ఠ' అనేది.

గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ యాప్‌లో తెలుగు కథలు ముందే దించి పెట్టుకున్నాం, నెట్ లేకపోయినా నడిచేది. పిల్ల పైకి చదువుతుంటే అది వింటుంది, రాని మాట మీద వేలు పెడితే పలికి వినిపిస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో అయితే ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది, ఉచితంగా దించుకోవచ్చు. ఒకే బొమ్మ కింద రెండు భాషలూ చూశాకే మా పాపకి ఆ తికమక తీరింది. మా అత్తగారు చెప్పే కథలు కూడా ఫోన్లో రికార్డు చేసి మెమరీ కార్డులో వేశాను. కరెంటు పోయిన రాత్రుళ్లు అన్నిటికంటే ఎక్కువ నడిచినవి అవే, తెర ఆర్పేసి వినొచ్చు కూడా. అందుకే కార్డు పెట్టే చోటు లేని ట్యాబ్ నాకొద్దు.

తాళం సంగతి. పిల్లల ట్యాబ్‌కి టైమ్ పెట్టి తాళం వేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో రోజుకి గంట పెట్టాం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, పాప పెద్దదైనా మేం ఆ లెక్కే ఇప్పటికీ పెద్దగా మార్చలేదు. టైమ్ అయిపోతే నెట్ ఉన్నా లేకపోయినా లాక్ పడుతుంది. అవసరమైతే మన ఫోన్లో కనిపించే కోడ్ కొట్టి తెరవొచ్చు. ఆ కోడ్ తాతగారికి చెప్పకండి! యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఒప్పుకున్న వీడియోలే కనిపించేలా పెట్టే వీలుంది. అది పెట్టకపోతే బొమ్మల పెట్టెలు విప్పే వీడియోలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, టెన్షన్ మనకి.

లోపాలూ ఉన్నాయి. 32 జీబీలో మంచి భాగం సిస్టమే తినేసింది. యాప్‌లు కార్డులోకి జరగవు. రెండో ఏడు దాటాక రెండు యాప్‌లు ఒకేసారి తెరిస్తే నత్తనడక. అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాటరీ ఇప్పుడు సాయంత్రానికే ఛార్జర్ అడుగుతోంది. కెమెరా సంగతి చెప్పక్కర్లేదు, దానితో పనే పడలేదు.

ఇప్పుడు కొనేవాళ్లు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీకి తగ్గకండి. 2023లో వచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఎ9 వైఫై రకం ఆ కొలతలతోనే 12,999 రూపాయలకి విడుదలైంది, ఆ వరసలో చూసుకుంటే సరిపోతుంది. చాలా కంపెనీలు పెట్టెలో ఛార్జర్ ఇవ్వడం లేదు, ఇంట్లో టైప్-సి ది లేకపోతే దాని ఖర్చు, ఫోమ్ కవరు, గ్లాసు, మెమరీ కార్డు కలుపుకుని బడ్జెట్ వేసుకోండి. మేం మాత్రం ఇప్పుడే కొత్తది కొనం. పాతదానికి బ్యాటరీ ఎంతకి మారుస్తారో మా ఆయన ఈసారి బరంపురం వెళ్లినప్పుడు కనుక్కుంటానన్నారు.