సీలియాక్ ఫాలో-అప్ క్లినిక్: ఇంగువ దాకా ఆరా తీసిన వైద్యం

మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు) ఉందని బయాప్సీలో తేలినప్పటి నుంచి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫాలో-అప్ క్లినిక్‌కు వెళ్తున్నాము. ఫిర్యాదులూ ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్‌ను జీవితాంతం మానడమే ఈ జబ్బుకు చికిత్స. కాబట్టి జబ్బును ఎవరు కనిపెట్టారన్న దానికంటే, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎవరు, ఎలా చూస్తున్నారన్నదే ముఖ్యం.

ఆ లెక్కన ఇక్కడి పిల్లల విభాగం డైటీషియన్‌కు పూర్తి మార్కులు వేస్తాను. అన్నం తినే ఇళ్లలో గ్లూటెన్ మానడం తేలికేనని చాలామంది అనుకుంటారు. బొంబాయి రవ్వ, సేమియా, మైదా గోధుమవేనని మాకూ తెలుసు. కానీ పులిహోరలో వేసే ఇంగువలో గోధుమ పిండి కలిసి ఉండవచ్చనీ, గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే ఆ పిండి పనికిరాదనీ, మాల్ట్ పానీయాల్లో బార్లీ ఉంటుందనీ, మిగతావారికి చపాతీలు కాల్చే పెనం మీద అమ్మాయికి దోసె వేయరాదనీ, మా వంటింటి అలవాట్లన్నీ ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకొని మరీ ఆవిడ చెప్పారు. గ్లూటెన్ రహితమని రాసిన ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదన్న నిబంధనను వివరించి, లేబుల్ చదవడం మాకు కాక నేరుగా అమ్మాయికే నేర్పారు.

మొదట్లో కొన్ని నెలలకోసారి, ఈ జబ్బులో రక్తంలో పెరిగే యాంటీబాడీలు తగ్గాక ఏడాదికోసారి పిలిచేవారు. ఆ యాంటీబాడీలను కొలిచే టీటీజీ-ఐజీఏతో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేసేవారు. ఎత్తు, బరువు తప్పక నమోదు చేసేవారు. టీటీజీ మామూలు స్థాయికి వచ్చినంత మాత్రాన పేగు లోపలి పొర పూర్తిగా మానినట్టు కాదని చెప్పిన డాక్టరుగారే, బాగా ఎదుగుతున్న పిల్లకు మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదన్నారు. పరీక్షల ప్యాకేజీలు అంటగట్టే ఈ రోజుల్లో ఆ నిగ్రహం నాకు నచ్చింది. తోబుట్టువులకూ ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ కనుక అబ్బాయికి కూడా రక్తపరీక్ష చేయించమన్నారు. గోధుమ మానేశాక చేస్తే ఫలితాన్ని నమ్మలేమని, ముందే చేయించమని హెచ్చరించారు.

చిక్కంతా 18 ఏళ్లు నిండి పెద్దల విభాగానికి మారాక మొదలైంది. ఒకే ఆసుపత్రి అయినా పాత ఎదుగుదల చార్టు అక్కడికి చేరలేదు. కొత్త డాక్టరు టీటీజీ అంకె చూసి, బాగుందని చెప్పి పంపించేశారు. ఏం తింటున్నావని అడగలేదు. అమ్మాయి హాస్టల్‌లో చేరి, మెస్ సాంబారులో ఏ ఇంగువ వేస్తారో తెలియని పరిస్థితిలో ఉన్నప్పుడే ఆ ప్రశ్న అవసరం. పెద్దల విభాగంలో డైటీషియన్ సలహా ఫాలో-అప్‌లో భాగం కాదు. విడిగా అపాయింట్‌మెంట్ తీసుకొని, విడిగా ఫీజు కట్టాలి.

పిల్లలను ఇక్కడికి నిస్సంకోచంగా తీసుకువెళ్లవచ్చు. పెద్దల విభాగానికి మారే ముందు మాత్రం బయాప్సీ రిపోర్టుతో సహా అన్ని కాగితాల నకళ్లు పిల్లల విభాగం నుంచే అడిగి తీసుకోండి.