ఆరు సీజన్ల తర్వాత నా ట్రెక్కింగ్ పోల్స్

ట్రెక్కింగ్ పోల్స్ అంటే కొండల్లో నడిచేటప్పుడు ఆసరాకి పట్టుకునే కర్రలు; ఒకదాంట్లో ఒకటి దూరే ముక్కల్ని కావాల్సిన పొడవుకి లాగి లాక్ బిగించాలి. నా మొదటి జత తిప్పి బిగించే రకం. ఒక రాత్రి టెంట్ బయట వదిలేస్తే లోపలి తేమ గడ్డకట్టి, తెల్లారి ఎంత తిప్పినా లాక్ పట్టలేదు. కనుమ దాకా పొట్టికర్రలతో గూని నడకే. ఆ దెబ్బతో బయట మీట ఉండే ఫ్లిక్ లాక్ అల్యూమినియం పోల్స్‌కి మారాను. ఆరు సీజన్లుగా ఇవే.

జత సుమారు 500 గ్రాములు. కార్బన్ ఫైబర్‌వైతే 100 గ్రాములు తగ్గేది, ఆశ లేకపోలేదు. కానీ మూడో సీజన్‌లో బండల సందున ఇరుక్కుని ఒకటి వంగింది. మోకాలికి ఆనించి కాస్త తిన్నగా చేసుకుని మిగతా ఆరు రోజులూ నడిచేశాను. ఆ ముక్క మళ్లీ లోపలికి జారలేదు, ఇంటికొచ్చాక మార్చాల్సి వచ్చింది. కార్బన్‌దైతే వంగేది కాదు, పుటుక్కున విరిగేది.

ఎక్కేటప్పుడు ఓ 5 సెంటీమీటర్లు తగ్గిస్తాను, దిగేటప్పుడు పెంచుతాను. ఎక్కడం ఎలాగోలా అయిపోతుంది. వీపున 15 కిలోలతో మధ్యాహ్నం 1,200 మీటర్లు దిగాలంటేనే మోకాళ్లకు పోల్స్ విలువ తెలుస్తుంది.

అంతకంటే అక్కరకొచ్చేది వాగుల దగ్గర. ఎండకి మంచు కరిగి, పొద్దున చీలమండ దాకా ఉన్న హిమానీనదపు వాగు సాయంత్రానికి తొడల దాకా వస్తుంది. రాతిపిండి కలిసిన తెల్లటి నీళ్లలో అడుగు కనబడదు. ముందు పోల్‌తో తడిమి, తర్వాతే కాలు. మణికట్టు పట్టీలు మాత్రం తీసేయాలి. పోల్ ఇరుక్కుంటే చెయ్యి కూడా దానితోపాటే ఉండిపోతుంది. బండలు పట్టుకుని పాకే చోట అయితే నాకు ఇవి ఉత్త అడ్డం, బ్యాగుకి కట్టేస్తాను.

ఫిర్యాదూ ఉంది. లాక్ స్క్రూ నడుస్తుండగానే వదులవుతుంది. ఒకసారి మంచువాలు మీద పోల్ ఒక్కసారిగా లోపలికి దిగిపోయి బోర్లా పడ్డాను. ఇప్పుడు పొద్దున్నే ఒంటి బరువంతా వేసి చూశాకే బయలుదేరతాను. వానలో తడిస్తే ముక్కలు విడదీసి ఆరబెడతాను. నూనె మాత్రం రాయను, రాస్తే లాక్ జారుతుంది.

కింద నేలకి ఆనే గట్టి కార్బైడ్ మొనలు రెండుసార్లు మార్చాను. పాతవి ఊడాలంటే మరిగే నీళ్లలో కాసేపు ముంచాలి. పిడి కింది స్పాంజి మాత్రం సగం రాలిపోయింది, దాని మీద టేపు చుట్టి లాగిస్తున్నాను.