బ్యాలెట్‌లో పేర్ల వరుస: అక్షర క్రమమా, చీటీలా, రొటేషనా? ఏది మేలు?

అభ్యర్థులెవరో పెద్దగా తెలియని పోటీలో కొందరు ఓటర్లు మొదట కనబడిన పేరుకే ఓటేస్తారు. అందరికీ తెలిసిన పార్టీలు తలపడే చోట ఈ ప్రభావం తక్కువ. పార్టీ పేరు లేని స్థానిక పదవుల్లో, ఒకే పత్రం మీద చాలా పదవులకు ఓటేయాల్సిన చోట ఎక్కువ. పై పేరుకు వచ్చే ఈ లాభం ఎవరికో ఒకరికి దక్కక తప్పదు. ఎవరికి, ఎలా అన్నదే ప్రశ్న.

మూడింటిలో అక్షర క్రమం అన్యాయమైనది. పేరు వెతుక్కోవడం సులువే, కానీ లాభం పుట్టుకతో వచ్చిన పేరుకు శాశ్వతంగా అంటుకుంటుంది. 1937లో ఆస్ట్రేలియా సెనేట్‌కు (పార్లమెంటు ఎగువ సభకు) న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి లేబర్ పార్టీ నిలబెట్టిన నలుగురి ఇంటిపేర్లూ ఇంగ్లిష్ 'ఎ' (A) అక్షరంతోనే మొదలయ్యాయి: ఏమర్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆర్థర్, ఆష్లీ. నలుగురూ గెలిచారు. ఆ తర్వాత అక్కడ చీటీల పద్ధతి వచ్చింది. భారత్‌లో గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీలవారు, ఆ తర్వాత స్వతంత్రులు అని మూడు వర్గాలు చేసి, ఒక్కో వర్గంలో అక్షర క్రమం పాటిస్తారు. వర్గం లోపల సమస్య అలాగే ఉంది, పైగా స్వతంత్రులు ఎప్పుడూ అడుగునే.

చీటీ తీస్తే అవకాశం సమానమవుతుంది, ఫలితం కాదు. లక్ష ఓట్లు, ఐదుగురు అభ్యర్థులు, పై పేరుకు ఊరికే పడే ఓట్లు రెండు శాతం అనుకుందాం. చీటీ ఎవరికి తగిలితే ఆ 2,000 ఓట్లూ వారివే. ఇద్దరి మధ్య నిజమైన తేడా 1,500 అయితే గెలుపును ఓటరు కాదు, చీటీ తేల్చినట్టు. రొటేషన్‌లో, అంటే ఒక్కో పేరు సమాన సంఖ్యలో పత్రాల్లో పైకి వచ్చేలా వరుస తిప్పితే, అవే ఓట్లు తలా 400 చొప్పున పంచబడి, తేడా చెక్కుచెదరకుండా నిలుస్తుంది. అందుకే నా ఓటు రొటేషన్‌కే.

అయితే రొటేషన్ అనగానే న్యాయం వచ్చేయదు. దేని ప్రకారం తిప్పుతున్నామో చూడాలి. కాలిఫోర్నియాలో ముందు అక్షరమాలనే లాటరీ తీసి, రాష్ట్రస్థాయి పోటీల్లో ఆ జాబితాను అసెంబ్లీ జిల్లాల (నియోజకవర్గాల) వారీగా ఒక్కో పేరు చొప్పున జరుపుతారు. 2003లో గవర్నర్‌ను పదవి నుంచి వెనక్కి పిలిచే రీకాల్ ఎన్నికలో అభ్యర్థులు 135 మంది, జిల్లాలు 80. అంటే 55 మందికి ఎక్కడా మొదటి స్థానం రాలేదు. పైగా ఒక జిల్లా ఓటర్ల మొగ్గు ఇంకో జిల్లాలో ఉండదు. తిప్పడం ఒకే పోలింగ్ కేంద్రంలో, పత్రాల కట్ట లోపలే జరగాలి. ఆస్ట్రేలియా రాష్ట్రమైన టాస్మేనియాలో నీల్ రాబ్సన్ అనే రాజకీయ నేత పేరు మీద నడిచే రాబ్సన్ రొటేషన్ చేసేది ఈ పనే: పేర్ల వరుస మార్చి వేర్వేరు రకాల పత్రాలు అచ్చువేసి, కలిపి పంచుతారు.

రెండో చిక్కు పక్కపేరు. నలుగురిని మామూలుగా చక్రంలా తిప్పితే కఖగఘ, ఖగఘక, గఘకఖ, ఘకఖగ వస్తాయి. నాలుగింట మూడు పత్రాల్లో క వెంటనే ఖ. ప్రాధాన్య ఓటులో (ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తాడు, తొలగిన అభ్యర్థి ఓటు తర్వాతి వారికి పోతుంది) పైనుంచి కిందికి అంకెలు వేసుకుంటూ పోయే ఓటర్ల వల్ల, క తొలగిపోతే ఆ ఓట్లలో ఎక్కువ భాగం ఖకే చేరతాయి. బదులుగా కఖఘగ, ఖగకఘ, గఘఖక, ఘకగఖ అని వేయండి. ప్రతి పేరూ ప్రతి స్థానంలో ఒక్కసారి వస్తుంది, ఏ పేరు వెనకైనా మిగతా మూడూ ఒక్కోసారి వస్తాయి. అభ్యర్థుల సంఖ్య సరి అయితే, ఎందరున్నారో అన్నే రకాల పత్రాలు చాలు. బేసి అయితే దానికి రెట్టింపు రకాలు పెట్టుకుంటే ఇలాగే కుదురుతుంది.

తప్పులు ఎక్కువగా లెక్కింపులోనే జరుగుతాయి. వంద పత్రాలు చూశాక చేయి పేరు చదవడం మానేసి స్థానం చూడటం మొదలుపెడుతుంది. ముందు రకాలవారీగా వేరుచేసి, ఆ తర్వాత లెక్కపెట్టాలి. ఏ రకమో తెలిపే గుర్తు మూలన అచ్చవ్వాలి. స్కానర్ అయితే ప్రతి రకానికీ విడిగా పరీక్ష పత్రాలు నడపాలి, అదీ అభ్యర్థులకు 1, 2, 3, 4 అని వేర్వేరు సంఖ్యలో ఓట్లు వేసి. అందరికీ సమానంగా వేస్తే, యంత్రం ఒకరి ఓట్లు మరొకరికి రాసినా మొత్తాలు సరిగ్గానే కనబడతాయి. అంధుల కోసం వాడే బ్రెయిలీ పలకలు కూడా ఒక్కో రకానికి ఒక్కోటి కావాలి. ఇది చిన్న ఖర్చు కాదు.

బటన్ యంత్రాల దగ్గర నా అభిప్రాయం మారుతుంది. ఏ బటన్ ఎవరిదన్నది చోటుచోటుకూ మారితే తనిఖీ కష్టమవుతుంది, అనుమానాలకు తావిస్తుంది. అక్కడ చీటీలే మేలు, కానీ రెండు విడతలుగా. నామినేషన్ల గడువు ముగిశాక, అందరి ఎదుట మొదటి విడతలో ఒక్కో అభ్యర్థికీ ఒక సంఖ్య తీయాలి, రెండో విడతలో ఆ సంఖ్యల వరుస తీయాలి. సంఖ్యలు రాసిన బంతులు తీసేవారి కళ్ళకు గంతలు ఉండాలి. ఆస్ట్రేలియాలో చేసేది ఇలాగే. ఇలా చేస్తే, మొదటి విడతలో ఎవరైనా చేతివాటం చూపినా, రెండోది సవ్యంగా జరిగినంతకాలం తమకు కావాల్సిన పేరును పైకి తెప్పించుకోలేరు.